సగం కంచం

మొన్న శుక్రవారం మా వంటింటి గుమ్మానికి నా ఎడమ మోచెయ్యి కొట్టుకుంది. అదేమంత విడ్డూరం, డెబ్బై దాటిన మనిషికి గుమ్మమో మంచంకోడో ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది అంటారు కదూ, నేనూ అలాగే అనుకుని కాస్త కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను. సోమవారం పొద్దున మళ్ళీ అదే గుమ్మం, అదే మోచెయ్యి. ఈసారి నూనెసీసా జోలికి పోలేదు. గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాలేజీకి పరుగెడుతున్న మా కోడలు వెనక్కి తిరిగి, ఏంటత్తయ్యా అలా అయిపోయారు, దెబ్బ గట్టిగా తగిలిందా అని అడిగింది. దెబ్బ సంగతి కాదమ్మా అని చెప్పబోయి, అసలు సంగతి ఏ కొసనించి మొదలుపెట్టాలో తెలియక, ఏం లేదులే వెళ్ళు అన్నాను.

సాయంత్రం మా అబ్బాయితో మాత్రం చెప్పాను, నన్ను మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని. మోచెయ్యి కొట్టుకుంటే మెదడు డాక్టరేమిటమ్మా అని వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ముప్పైరెండేళ్ళు లెక్కల పంతులమ్మగా చేసినదాన్ని, నేను నవ్వకపోతే ఎదుటివాళ్ళ నవ్వు దానంతటదే ఆగిపోతుంది, ఆ అధికారం ఒక్కటే ఇంకా మిగిలింది. మర్నాడే సెలవు పెట్టి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు నా ఆఖరి బ్యాచి పిల్లల ఈడువాడు. స్కానింగ్ తీయించాడు, చేతులూ కాళ్ళూ తట్టి చూశాడు, ఆ తరువాత ఒక తెల్లకాగితం మీద పెద్ద సున్నా చుట్టి నా ముందు పెట్టి, ఇది గడియారం అనుకుని అంకెలు వెయ్యండి మామ్మగారూ, పదకొండూ పది చూపించండి అన్నాడు.

ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ గడియారం చూడటం నేర్పినదాన్ని నేను. ఇంకో రోజయితే ఆ కుర్రాడికి నాలుగు చీవాట్లు పెట్టేదాన్నే. కానీ ఆ సున్నా చూడగానే మారుమాట్లాడకుండా పెన్ను అందుకున్నాను. ఒకటి, రెండు, మూడు వేసుకుంటూ కిందికి దిగి, ఏడు, ఎనిమిది అంటూ ఎడమవైపు ఎక్కడం మొదలుపెట్టాక ఒక్కో అంకె దగ్గరా ఆగి ఆగి వేశాను. అన్నీ వేసి, తొమ్మిదీ పదీ పదకొండూ ఉన్నాయా లేదా అని వేలు పెట్టి చూసుకుని, కాగితం ఇచ్చేముందు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. డాక్టరు నవ్వి, భేషుగ్గా ఉందండీ, మీకేమీ లేదు, ఆ గుమ్మమే కాస్త ఇరుకేమో చూడండి అన్నాడు. మా అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు. మీకేమీ లేదు అనే మాట నన్నెందుకు నిమ్మళపరచలేదో, నా ఈడువాళ్ళయిన మీరు నాలుగు నిమిషాలు ఓపిక పడితే చెబుతాను.

దెందులూరు దాటి లోపలికి, కొల్లేటి అంచున ఉండే ఊరు మాది. ఊరి పేరు ఎందుకులెండి, ఇప్పుడు వెళితే ఎటు చూసినా చేపల చెరువులూ వాటి గట్లూ తప్ప నేనే గుర్తుపట్టలేను. అప్పట్లో మాకు వరి పొలాలుండేవి, రేవులో ఒక తాటిదోనె ఉండేది. మా నాన్నగారు ఎంత రైతో అంత నీటిమనిషి. వానలు పడి కొల్లేరు నిండితే ఎక్కడ పొలం, ఎక్కడ కాలువ, ఎక్కడ కిక్కిస గడ్డి పొద అన్నది మాకు ఒక్కటీ తెలిసేది కాదు, అంతా ఒకే నీరు, దానిమీద గుర్రపుడెక్క. ఆయన మాత్రం గెడ పట్టుకుని దోనెలో నిలబడితే, గుడికెళ్ళి వచ్చినంత తేలికగా ఏ లంకకు కావాలంటే ఆ లంకకు తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. మాట తక్కువ, కోపం ఎక్కువ. మా అమ్మను పేరు పెట్టి పిలవగా గాని, వంట బాగుందని మెచ్చుకోగా గాని నేనెప్పుడూ వినలేదు. బాగుంటే కంచం కడిగినట్టు తినేవారు, బాగాలేకపోయినా అలాగే తినేవారు, ఏది ఏదో మా అమ్మే ఊహించుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, ఈ కాలం పిల్లలు చదివితే అసహ్యించుకుంటారని తెలిసీ చెబుతున్నాను. మా అమ్మ మా నాన్నగారు తిన్న కంచంలోనే తినేది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాక, అదే కంచం ముందుకు లాక్కుని, అందులోనే అన్నం పెట్టుకుని, ఒక్కతే గోడవైపు తిరిగి కూచుని తినేది. అప్పట్లో చాలా ఇళ్ళల్లో అదే రివాజు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది చూస్తే ఒళ్ళు మండేది. చదువుకున్నాక ఒకసారి ఉండబట్టలేక, నీకు వేరే కంచం లేదా అమ్మా అని దెబ్బలాడాను కూడా. ఏం పోయిందే, కంచం ఒకటైతే తోమే పని తగ్గుతుంది అని తేలిగ్గా తీసిపారేసింది. నేను మాత్రం పెళ్ళయిన మొదటి రోజే మా అత్తగారి ముందు నా కంచం నేను తెచ్చుకుని కూచున్నాను, ఆవిడ నోరు వెళ్ళబెట్టింది, అదింకో కథ.

నాకు ఇరవై రెండో ఏట కొల్లేటి లంక ఊళ్ళో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అప్పటికింకా పెళ్ళి కాలేదు. సోమవారం తెల్లారగానే నాన్నగారు దోనెలో దింపేవారు, శనివారం సాయంత్రం వచ్చి తీసుకొచ్చేవారు. ఆ దోనెలో ఒక కొసన నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండో కొసన ఆయన గెడ వేస్తూ, గంటన్నర ప్రయాణంలో నాలుగు మాటలు కూడా ఉండేవి కావు. గూడబాతులు లేచినప్పుడు మాత్రం, అదిగో చూడు అనేవారు. ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే అందులో సగం అదే మాట.

ఆ ఏడు దసరా సెలవులకు నేను ఇంట్లో ఉండగా, ఒకరోజు పొద్దున నాన్నగారు పశువుల పాకలో కూలబడ్డారు. తలనొప్పి, రెండుసార్లు వాంతి, ఎడమ చేతికి కాస్త తిమ్మిరి. ఊళ్ళో సూది వేసే ఆయన వచ్చి పైత్యం ప్రకోపించిందని ఒక సూది వేసి, నిమ్మరసం తాగించమన్నాడు. రెండు రోజులు పడుకున్నారు. మూడో రోజు లేచి నడిచారు, నాలుగో రోజు పాకలోకి వెళ్ళి గేదెల్ని పేరుపేరునా తిట్టారు. మేము గండం గడిచిందనుకున్నాము.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నమే మొదలయింది. అమ్మ వడ్డించే వరసలో అన్నం నడిమధ్యకు, కూరా పులుసూ పచ్చడీ ఎడమవైపుకు ఉండేవి, కలుపుకునే చేతికి అడ్డం రాకూడదని. ఆ రోజు కొరమీను పులుసు. నాన్నగారికి కొరమీనంటే ఎంత ఇష్టమో చెప్పలేను, తోక ముక్క ఎవరి కంచంలో పడినా ఆయన చూపు అక్కడే ఉండేది. అలాంటి మనిషి అన్నంలో కుడివైపు సగం తిని, చారుతోనూ మజ్జిగతోనూ ముగించి, చెయ్యి కడిగేసుకున్నారు. కంచంలో ఎడమవైపు, గీత గీసినట్టు, సగం అన్నం, ముట్టుకోని కొరమీను ముక్కలు, నంజుకోని గోంగూర. జబ్బుపడ్డ మనిషి, ఆకలి లేదేమో అనుకున్నాము. రాత్రికీ అంతే. మర్నాడూ అంతే. కూర ఏదయినా సరే, సగం ఆయన తినేవారు, సగం అలాగే ఉండేది.

మా అమ్మ ఏమనుకుందో తెలుసునా అండీ? ఆయన తనకోసం మిగులుస్తున్నారనుకుంది.

నవ్వకండి. ఇరవై అయిదేళ్ళు ఆ కంచంలో తిన్న మనిషికి అంతకన్నా వేరే ఏమి తోస్తుంది? అన్నేళ్ళూ ఆయన లేచాక ఆ కంచంలో మెతుకు ఉండేది కాదు. ఇప్పుడు చావు అంచుదాకా వెళ్ళొచ్చి, పెళ్ళాం తరువాత ఇందులోనే తింటుందన్న తలపు వచ్చి, తనకు ప్రాణమైన కొరమీను ముక్క తాకకుండా సగానికి సగం వదిలి లేస్తున్నాడంటే, ఆవిడకు అది ఎంత పెద్ద మాట! ఆయన నోటితో ఎన్నడూ అనని మాట. అమ్మ మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. గోడవైపు తిరిగి తినే మనిషి ఇటు తిరిగి కూచోవడం మొదలుపెట్టింది. మా మేనత్త పక్క వీధిలోనే ఉండేది, నాన్నగారి చెల్లెలు. ఆవిడ వస్తే అమ్మ సిగ్గుపడుతూ కంచం చూపించి, చూశావా వదినా, మీ అన్నయ్యకి ఇన్నాళ్ళకి నేనొకదాన్ని ఉన్నానని తెలిసింది అంది. మేనత్త బుగ్గలు నొక్కుకుని, మా అన్నయ్యే? అయ్యబాబోయ్, వదినా, నువ్వేం మందు పెట్టావమ్మా అని ఒకటే వేళాకోళం. నేనూ నవ్వాను. ఆ కంచం రివాజు మీద నాకున్న కోపం కూడా ఆ వారం రోజులూ కాస్త మెత్తబడింది, చెప్పొద్దూ.

అయితే వేరే సంగతులు కూడా కనబడుతూనే ఉన్నాయి, మేమే వాటిని పట్టించుకోలేదు. చొక్కా కుడిచెయ్యి తొడుక్కుని ఎడమచెయ్యి వేలాడేసుకునే బయటికి వెళ్ళేవారు. ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటే గుమ్మాన్ని తిట్టేవారు. పేపరు తీసి రెండు నిమిషాలు చూసి, వెధవలు, ఒక్క వాక్యం తిన్నగా రాయడం చేతకాదు అని విసిరికొట్టేవారు. వరసకు సగం నుంచి చదువుతున్నారని మాకేం తెలుసు, పేపరు వాళ్ళ మీద ఆయనకున్న కోపం పాతదే. అమ్మ ఎడమవైపు నిలబడి మజ్జిగ పొయ్యనా అండీ అంటే, ఆయన కుడివైపు తిరిగి ఖాళీగా ఉన్న గోడకు జవాబు చెప్పేవారు. అది మాత్రం నేను పట్టించుకోకుండా ఉండలేకపోయాను. అమ్మ మొహం చూశాను. అమ్మ తల వంచుకుని మజ్జిగ పోస్తోంది.

సెలవులు అయిపోయాయి. సోమవారం తెల్లవారింది, ఎప్పటిలాగే దోనె ఎక్కాము. వద్దండీ, ఇంకొకళ్ళని పంపుదాము అని అమ్మ అంది గాని ఆయన వినే రకమా. నీరు నిండుగా ఉంది, గాలి లేదు, ఎండ ఇంకా ముదరలేదు. రేవు దాటాక చేపలవాళ్ళు పాతిన ఒక వెదురుగుంజ, దానికి చిరిగిన ఎర్రగుడ్డ. దాన్ని కుడిచేతికి వదిలి ఎడమకు తిరగాలి, నాకే తెలిసిన దారి. నాన్నగారు కుడికి తిరిగారు. కొత్త దారేమో అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ అదే గుంజ, అదే ఎర్రగుడ్డ. ఆయన మళ్ళీ కుడికి తిరిగారు. మూడోసారీ ఆ గుడ్డే కనిపించింది.

నాన్నగారూ, మనం తిరిగినచోటే తిరుగుతున్నామండీ అన్నాను. ఏం కాదులే, ఎడమకేగా తిప్పుతున్నది అన్నారు, ఎంతో నిబ్బరంగా. అదిగో ఎడమవైపు దారి అని చెయ్యి చూపించాను. ఆయన కుడివైపు చూసి, అటు కిక్కిస తప్ప ఏముందే, నీకు దారి తెలుసా నాకు తెలుసా అని కసిరారు. నిజమే, ఆయన చూసినవైపు కిక్కిసే ఉంది. దోనె ఎడమ పక్క ఒరుసుకుంటూ పొదలోకి దూరింది, ఆకులు ఆయన ఎడమ చెంపను గీరుతున్నాయి, రక్తం వస్తోంది, ఆయనకు ఆ చెంపే లేనట్టుంది. గెడ వేస్తూనే ఉన్నారు. మొహంలో ఇసుమంత కంగారు లేదు, దారి తప్పిన మనిషి మొహం కాదది, ఇంకో పావుగంటలో చేరిపోతామన్న మొహం.

నీళ్ళంటే నాకు భయం లేదండీ, ఈత వచ్చు, కాలు మోపితే నేల అందే చోటది. నన్ను వణికించింది ఆ మొహమే. కొల్లేరంతా ఎరిగిన మనిషికి కొల్లేటిలో సగం మాయమైపోతే, ఆ మాయమైనట్టే తెలియకపోవడమేమిటి? ఆయన పిచ్చివాడు కాలేదు, నా పేరు తెలుసు, రోజు తెలుసు, బడి ఎన్నింటికో తెలుసు. మరి ఎవరు దోనె నడుపుతున్నది? చిన్నపిల్లలా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచి వెళ్ళి గెడ పుచ్చుకున్నాను. ఎందుకే ఆ ఏడుపు, బడికి ఆలస్యమైతే ఏమంటారని భయమా అన్నారు. అవును నాన్నగారూ అన్నాను. ఎలాగో తడబడుతూ దోనెను రేవుకే తిప్పాను, ఆ రోజు బడికి వెళ్ళలేదు.

మర్నాడు కళ్ళజోడు మార్పిద్దామని ఆయనతో అబద్ధమాడి బస్సులో ఏలూరు తీసుకెళ్ళాను. అమ్మ గేదెల్ని వదిలి రాలేక ఇంటిదగ్గరే ఉండిపోయింది. అప్పట్లో ఈ స్కానింగులూ అవీ ఎక్కడివి. ఒక పెద్ద డాక్టరుగారు కాగితం మీద అడ్డంగా గీత గీసి, దీనికి నడిమధ్య గుర్తు పెట్టండి అన్నారు. నాన్నగారు కుడి కొసకు దగ్గరగా గుర్తు పెట్టి, నడిమధ్య పెట్టానని ధీమాగా చూశారు. తరువాత గడియారం వేయమంటే పన్నెండు అంకెలూ కుడివైపు సగంలోనే ఇరికించేశారు. ఎడమవైపు తెల్లగా ఖాళీ. ఆయన దాన్ని డాక్టరుగారి చేతికిచ్చి, చదువు తక్కువైనా గడియారం వచ్చులెండి అని చిన్నగా నవ్వారు.

ఆయన్ని బయట కూచోబెట్టి డాక్టరుగారు నాకు చెప్పారు. కన్ను బాగానే ఉందమ్మా. మెదడులో కుడిపక్కకు నెత్తురు ఆగి దెబ్బ తగిలింది. ఎడమపక్క ఒకటుందని పట్టించే పని దానిది. అది పోయింది కాబట్టి ఎడమపక్క ఆయనకు కనపడకపోవడం కాదు, ఆ పక్క అన్నదే ఆయన లెక్కలో లేదు. లేనిది పోయిందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? అందుకని ఆయన ఎప్పటికీ తనంతట తాను చెప్పరు, చుట్టూ ఉన్నవాళ్ళే కనిపెట్టి ఉండాలి. దోనె, నుయ్యి, బండి దగ్గరికి ఒంటరిగా పంపకండి. సరిగా తింటున్నారా?

తింటున్నారండీ, సగం అన్నాను. అన్నాక గాని నా మాట నా చెవిన పడలేదు. ఏ సగం అని ఆయన అడిగారు. నేను చెప్పాను. తలాడించి, మనిషి చిక్కిపోతాడమ్మా, సగం తిన్నాక కంచం తిప్పి పెట్టండి, మిగతాది కూడా తింటారు అన్నారు.

కంచం తిప్పి పెట్టండి. ఎంత చిన్న మాట. తిరుగు బస్సులో నాన్నగారు కిటికీ పక్కన కునుకుతీస్తుంటే, నాకు ఆ దారి పొడుగునా ఒకటే గుబులు, ఈ మాట అమ్మకు ఎలా చెప్పడం? నీ మొగుడు నీకోసం వదల్లేదు, అక్కడ అన్నం ఉందనే ఆయనకు తెలియదు అని ఏ నోటితో అనడం? ఇంటికెళ్ళాక, నరాల నీరసం, మందులిచ్చారు, దోనె ఎక్కొద్దన్నారు అని ఊరుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. బడికి సెలవు చీటీ పంపి ఇంట్లో ఉండిపోయి, నాలుగు రోజులు, రెండు పూటలా, నాన్నగారు సగం తిని లేవడమూ, అమ్మ మురిసిపోతూ మిగతా సగం ముందుకు లాక్కోవడమూ చూస్తూ కూచున్నాను. నాన్నగారి మెడ కింద ఎముకలు పైకి కనబడుతున్నాయి. రాయిలాంటి మనిషి మంచం మీంచి లేవడానికి ముందుకు వంగి ఆయాసపడుతున్నారు. ఈయన ఆకలితో ఉన్నాడు, ఉన్నట్టు ఈయనకు తెలియదు, ఆయన వంతు ఆవిడ తింటోంది, తింటున్నట్టు ఆవిడకు తెలియదు, ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అంత పిరికిపని నా జన్మలో మళ్ళీ ఎన్నడూ చెయ్యలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన సగం తిని చెయ్యి కడుక్కోబోతుంటే, కాస్త ఉండండి నాన్నగారూ అని వంగి, కంచం పట్టుకుని అరచుట్టు తిప్పాను. అంతే. ఆయన కళ్ళు విప్పార్చుకుని చూశారు.

“ఓసి మీ దుంపతెగ! ఇందాకటినించీ కూర వెయ్యలేదేంటా అని చూత్తన్నాను. అడిగితే బాగోదని ఊరుకున్నాను. రోజూ ఇంతే, మజ్జిగన్నంతో లేపేత్తన్నారు.”

అని ఆబగా కలుపుకున్నారు. ముక్కలన్నీ తిన్నారు, ముళ్ళు చప్పరించారు, పచ్చడి వేలితో తుడుచుకుని నాకారు. అమ్మ నేతిగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన కంచం కడిగినట్టు తినేసి లేచేదాకా అక్కడినించి కదల్లేదు. నేను అమ్మ వైపు చూడలేక కంచం వైపే చూస్తూ, డాక్టరుగారు చెప్పినదంతా గబగబా చెప్పేశాను. అమ్మ అంతా విని, నేతిగిన్నె ఉట్టిలో పెట్టి, ఖాళీ కంచం ముందు కూచుని, కుండలోంచి అన్నం పెట్టుకుని, గోడవైపు తిరిగి తింది.

సాయంత్రం అమ్మ పాలు పితుకుతుంటే వెనకాలే వెళ్ళి నిలబడ్డాను. చేతిలో పని ఆపకుండానే అంది, “నాకు తెలీదనుకున్నావా? నేనిటుపక్క నించుంటే ఆయన గోడకేసి చూసి మాటాడుతుంటే, ఆ మొదటి రోజే నా గుండె జారిపోయింది. ఈయనకి నేను కనపట్టంలేదు, ఏదో అయిపోయింది అనుకున్నాను. భయంవేసిందే. చచ్చేంత భయం వేసింది. మరి కంచంలో సగం ఒదుల్తున్నాడు గదా, ఆయన మనసులో నేనున్నాను గదా అనుకుంటే ఆ భయం కాస్త తగ్గేది. అందుకని అలా అనుకున్నాను.” పాలచెంబు పక్కన పెట్టి, నాకేసి తిరగకుండానే, “నాలుగ్రోజులు ఆగి చెప్పావేం? ఆ నాలుగ్రోజులూ ఆయన తిండి నాచేత తినిపించావు గదే” అంది.

ఆ తరువాత నాన్నగారు ఎనిమిదేళ్ళు బతికారు. కొంత కోలుకున్నారు గాని పూర్తిగా ఎన్నడూ కాలేదు. దోనె అమ్మేశాము. అమ్మ ఆ మర్నాటినుంచే ఆయనకు కుడివైపు కూచోవడం మొదలుపెట్టింది, ఎనిమిదేళ్ళూ పూటపూటా తన చేత్తోనే కంచం తిప్పింది. ఆ కంచంలో ఇక ఏమీ మిగలనిచ్చేది కాదు. ఎప్పుడైనా కాస్త మిగిలితే అమ్మ మొహం పాలిపోయేది.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి నాలుగు వేళలు. మా అబ్బాయి బ్యాంకులో తింటాడు, కోడలు కాలేజీలో తింటుంది, మనవరాలు గదిలో తలుపేసుకుని ఫోను చూస్తూ తింటుంది. నేను ఒంటిగంటకు టీవీ ముందు కూచుని తిని, నా కంచం నేనే తీసుకెళ్ళి సింకులో కడిగేస్తాను. ఎవరి మీదా ఆధారపడటం లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. మొగుడు తిన్న కంచంలో తినడం పాడు రివాజే, అది పోయినందుకు నాకు రవ్వంత విచారం లేదు, మళ్ళీ తెస్తామంటే చీపురు తిరగేస్తాను. కానీ ఆ పాడు రివాజులో ఒక మనిషి ఇంకో మనిషి కంచంలోకి రోజుకు రెండుసార్లు తొంగి చూసేది, చూసినదాన్ని తప్పుగా అనుకున్నా సరే, చూసేది. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళే చూడాలి అన్నారు ఆ డాక్టరుగారు. గడియారం నేను సరిగ్గానే వేశానని ఈ కుర్ర డాక్టరు చెప్పాడు, ఆ రోజుకు సరే. మరి రేపటి సంగతి? మా నాన్నగారు కూడా తను సరిగ్గానే వేశాననుకునే కదా నవ్వుతూ ఇచ్చారు.

నిన్న కోడలు ఇంట్లోనే ఉంటే, మొహమాటం చంపుకుని అడిగేశాను. అమ్మాయ్, సెలవు రోజుల్లోనయినా నేను తిన్నాక కంచం ఒక్కసారి చూస్తూ ఉండమ్మా, ఏమైనా వదిలేస్తున్నానేమో అన్నాను. మంచి పిల్ల, విసుక్కోలేదు. ఫోనులోంచి తలెత్తి, అయ్యో అదేంటత్తయ్యా, మీరెప్పుడూ శుభ్రంగానే తింటారుగా అంది.

ఎప్పుడు చూశావమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగడానికి భయం వేసింది.